డబ్బా గొంతు పోయిందన్నాడు

గార్లండ్ ప్రూయిట్ ఆ మాట నిరుడు వసంతంలో మా ఇంటి వరండాలో కూర్చుని, నా భార్య డెల్ఫా కాల్చిన రొట్టెలు తింటూ అన్నాడు. నోటినిండా రొట్టె ఉన్నా, నాకు అర్థమయ్యేలా పెదాలు మెల్లగా కదిపి మరీ అన్నాడు.

"ఒరే ఆర్విల్, నీ డబ్బా గొంతు పోయిందిరా."

నాకు చెవులు వినపడవు. సగం రంపపు మిల్లు తినేసింది, మిగిలిన సగం తుపాకీ తినేసింది. డాక్టరు ఇచ్చిన చెవి మిషన్ ఈల వేయడం తప్ప ఇంకే పనీ చెయ్యదు కాబట్టి దాన్ని సొరుగులో పడేశాను. మనుషుల పెదాలు చూసి మాట పట్టుకుంటాను. ఒత్తు మీసాలవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

డబ్బా అంటే వేటలో అడవి టర్కీ కోడిపుంజును పిలిచే డబ్బా. నా చేతులతో నేను చేసుకున్నది. దేవదారు గోడలు, అక్రోటు చెక్క మూత. మూతకు సుద్ద రాసి, అంచుమీద ఒరిపించి లాగితే అచ్చం పెట్ట టర్కీ కూసినట్టే కూస్తుంది. అది విన్న పుంజు తోక విప్పుకొని, రెక్కలు నేలకీడ్చుకుంటూ పెళ్ళికొడుకులా నడిచి రావలసిందే. నాకు చదువు అబ్బలేదు. చర్చిలో నేను నోరు తెరిస్తే ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. ఈ కొండల్లో నాకంటూ ఒక పేరుందంటే ఒక్కదానికే: ఆర్విల్ స్టిడమ్ పిలిస్తే పుంజు వస్తుంది. అది కూడా పోతే నేను పెరట్లో మూలన పడేసిన పాత ట్రాక్టరుతో సమానం.

"పోవడమేంట్రా? వేళ్ళకి మునుపట్లానే తెలుస్తోందే. అదే వణుకు, అదే పట్టు" అన్నాను.

"వేళ్ళకి తెలిస్తే ఏం లాభం? పుంజుకి నీ వేళ్ళతో పనేముంది? గీ...ర్ మంటోంది. తలుపు బందు కీచులాడినట్టుంది."

డెల్ఫా కాఫీ పోస్తూ మధ్యలో దూరింది. "నాకైతే ఎప్పట్లానే ఉందయ్యా."

"నువ్వూరుకో. కోడి కూతకీ, కుక్కర్ కూతకీ తేడా తెలీని దానివి" అన్నాను నేను.

ఆమె మూతి మూడు వంకర్లు తిప్పి లోపలికి పోయింది. ఇంట్లో ఉన్న చెవులను కాదని నేను పక్క ఊరి చెవులను నమ్మాను. నమ్మకేం చేస్తాను? అవి గార్లండ్ చెవులు.

మీకు గార్లండ్ ఎలాంటివాడో చెప్పాలి. నాకు వినికిడి పోయినప్పుడు మా వేట స్నేహితులంతా ఒక్కొక్కడూ జారుకున్నారు. చెవిటివాణ్ణి అడవికి తీసుకుపోవడం ఎవడికి సరదా? తెల్లవారుజామున చెట్టుమీద పుంజు ఎక్కడో అరుస్తుంది. ఆ అరుపు ఎటునుంచి వచ్చిందో విని, అటు వెళ్ళి, చెట్టుకు వీపు ఆనించి కూర్చుని పిలవాలి. అరుపే వినపడనివాడు ఎటు వెళతాడు? నేను ఆ ఏడాది తుపాకీకి నూనె రాసి గుడ్డలో చుట్టి అటకెక్కించాను. గార్లండ్ వచ్చి దాన్ని కిందికి దించాడు. "నాకు రెండు చెవులున్నాయిరా. ఒకటి నీది" అన్నాడు. పెదాలమీద ఆ మాట చదివి నేను వంటింట్లోకి పోయి కాసేపు బయటికి రాలేదు.

అప్పటినుంచీ మాదొక పద్ధతి. చీకట్లో పెదాలు కనిపించవు కాబట్టి ఇద్దరం దేవదారు మెట్టమీద ఒకే ఓక్ చెట్టుకు ఆనుకొని మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవాళ్ళం. వాడు గుడ్లగూబలా కూసేవాడు. గూబ కూత వినపడితే పుంజుకు ఉడుకుమోత్తనం ఆగదు, వెంటనే బదులు అరుస్తుంది. అది అరవగానే గార్లండ్ నా మోకాలిమీద ఒక్కసారి తట్టేవాడు. ఎటువైపో చూపించడానికి నా ఆ వైపు భుజం నొక్కేవాడు. అప్పుడు నేను డబ్బా తీసేవాణ్ణి. వాడు చెవులు, నేను చేతులు. ఇద్దరం కలిస్తే ఒక వేటగాడు. అలా ఎన్ని పుంజులు తెచ్చామో! ఈస్టర్‌కి ఊరంతా తినే పంది మాంసం మా ఇద్దరిళ్ళల్లోనూ ముట్టుకున్నవాడు లేడు.

అలాంటివాడు నీ డబ్బా గొంతు పోయిందంటే నేను ఏమనుకోవాలి?

మూత అంచు గీకి చూశాను. సుద్ద మార్చాను. మరమేకు ఒక పిసరు బిగించాను, మళ్ళీ వదులు చేశాను. గార్లండ్ ఎదురుగా కూర్చుని చెవి వెనక అరచెయ్యి పెట్టి వినేవాడు, పాపం అన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు. ఆఖరికి నేనే డబ్బాను బల్లమీద పెట్టేశాను.

"పలక పట్టుకో. పలకైతే నయమేమో" అన్నాడు.

పలకంటే గుండ్రటి రాతి బిళ్ళ. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, కర్ర పుల్లను పెన్సిల్‌లా పట్టుకొని చిన్న చిన్న సున్నాలు చుడితే పెట్ట దగ్గర్నుంచి గుసగుసలాడినట్టు ఉంటుంది. డబ్బా దూరానికి, పలక దగ్గరికి. దూరంగా ఉన్న పుంజును డబ్బాతో కదిలించి, నలభై గజాల్లోకి వచ్చాక పలకతో చేతికందేదాకా రప్పించుకోవడం నా అలవాటు. పలక కూడా చూపించాను. గార్లండ్ మొహం చిట్లించాడు.

"మేకుతో గాజు గీసినట్టుందిరా. నీ తప్పు కాదులే. వయసు."

ఇక మిగిలింది నోటి బిళ్ళ. గుర్రపునాడా ఆకారంలో చిన్నగా ఉంటుంది, రబ్బరు పొర. అంగిట్లో పెట్టుకొని ఊదాలి. చేతులు కదలవు కాబట్టి కుర్రకారుకు అదంటే మహా ఇష్టం. నాకు పైవరస కట్టుడు పళ్ళు. బిళ్ళ పెట్టుకొని ఊదిన మొదటిసారి బిళ్ళా పళ్ళూ కలిసి వచ్చి గార్లండ్ టోపీమీద పడ్డాయి. రెండోసారి బిళ్ళ గొంతులోకి పోయినంత పనైంది. డెల్ఫా కిటికీలోంచి తల బయటపెట్టి, "బాతు గొంతు పిసుకుతున్నారా ఏంటి? పాపం, ఒక్కసారే చంపేసి పుణ్యం కట్టుకోండి" అంది. గార్లండ్ మాత్రం బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"ఇదే! ఇదే నీకు సరైంది! ఇక దీన్నే వాడు."

చేతికి తెలిసిన రెండు పనిముట్లనూ వదిలేసి, నాలుకకు తెలియని మూడోదాన్ని పట్టుకున్నాను. నా అంత మూర్ఖుడు ఎవడైనా ఉంటాడా!

పోతూ పోతూ డబ్బా చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీన్నిక మూలన పడెయ్యడమేగా నువ్వు. నాకిచ్చెయ్యరాదూ? గుర్తుగా అద్దాల బీరువాలో పెట్టుకుంటా" అన్నాడు. ఇచ్చాను. నా నీలం సుద్ద ముక్కతో సహా ఇచ్చాను. తనకు గుర్తుగా కావాలన్నాడు కదా అని నా గుండె పొంగింది కూడా.

ఈ ఏడు వేట మొదలైంది. మెట్టమీద రెండువేళ్ళోడు ఉన్నాడని ఇద్దరికీ తెలుసు. వాడొక ముసలి పుంజు. ఏ నక్కో ఒక వేలు కొరికేసింది కాబట్టి ఎడమ కాలి ముద్రలో ముందుకు రెండు వేళ్ళే పడతాయి. రొమ్ముమీది వెంట్రుకల కుచ్చు నేలను తాకుతుంది. నాకు చెవులున్న రోజుల్లో వాడు పిల్ల పుంజు. ఇప్పుడు ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం. ఒక్కసారి వాణ్ణి పిలిచి దగ్గరికి రప్పించుకుంటే చాలు, ఇంకేం అక్కర్లేదని డెల్ఫాతో అన్నాను. చంపడం తర్వాత మాట. వస్తే నా పిలుపు బతికున్నట్టు.

రోజూ చీకటితోనే వెళ్ళాం. గార్లండ్ గూబలా కూసేవాడు. వాడి రొమ్ము ఉబ్బడం నా భుజానికి తెలిసేది. తర్వాత నేను నా మోకాలినే పట్టించుకుని కూర్చునేవాణ్ణి. ఆ తట్టు కోసం ఎదురుచూస్తూ ఊపిరి కూడా మెల్లగా పీల్చేవాణ్ణి. తట్టు పడేది కాదు. వెలుగు వచ్చాక గార్లండ్ మొహం చూసేవాణ్ణి. వాడు పెదవి విరిచేవాడు. పోనీ అని నేను గుడ్డిగా నోటి బిళ్ళ ఊదేవాణ్ణి. ఏదీ వచ్చేది కాదు. మా చుట్టుపక్కల ఉడుత కూడా మిగిలేది కాదు.

"రెండువేళ్ళోడు పోయినట్టున్నాడ్రా. అడవి పిల్లి పట్టుంటుంది. ఈ మెట్ట చచ్చిపోయింది" అన్నాడు గార్లండ్ ఒక రోజు. ఇంకో రోజు, "నడుము నొప్పిగా ఉంది, ఈ ఏడాదికి చాలిద్దాం" అన్నాడు. నేను సరేనన్నాను. వాడి నడుముకి రాసుకోమని నూనె సీసా కూడా ఇచ్చి పంపాను.

తర్వాత మంచి వాన కురిసింది. వాన వెలిస్తే మా దగ్గర ముసలీ ముతకా అంతా సంచులు పట్టుకొని అడవి పుట్టగొడుగులకు బయలుదేరతారు. మొక్కజొన్న పిండి అద్ది వేయిస్తే వాటి ముందు ఏ మాంసమూ నిలవదు. నేను కూడా మధ్యాహ్నం సంచి పట్టుకొని మెట్టెక్కాను. దుంగలు లాగే పాత బండిబాటమీద, మెత్తటి బురదలో అడుగులు కనిపించాయి. ఎడమ కాలు, ముందుకు రెండు వేళ్ళు. అడుగుల పక్కనే రెండు వైపులా రెక్కలు ఈడ్చిన గీతలు. ఒకటి కాదు, బాట పొడుగునా ఉన్నాయి. తోక విప్పి ఆడుకుంటూ తిరిగిన పుంజు గీతలవి. వాన నిన్న వెలిసింది. చచ్చిపోయిన పుంజు ఇవాళ పొద్దున ఇక్కడ పెళ్ళికొడుకులా ఊరేగిందన్నమాట. అలా ఊరేగే పుంజు నోరు మూసుకొని ఉండదు. కొండ దద్దరిల్లేలా అరుస్తుంది.

సంచి అక్కడే వదిలి మా ఓక్ చెట్టు దగ్గరికి వెళ్ళాను. చెట్టు మొదట్లో ఆకులు పక్కకు నెట్టి ఒక్క మనిషి కూర్చునే చోటు చేసి ఉంది. ఇద్దరికి కాదు, ఒక్కరికే. పక్కనే ఎండుటాకుమీద నీలం పొడి. వేలితో అద్ది చూశాను. నాలుకమీద పెట్టి చూశాను. నా సుద్దే.

అక్కడే, ఆ ఒక్క మనిషి చోట్లోనే కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి డెల్ఫాకు చెప్పాను. ఆమె చేతులు నడుముమీద పెట్టుకుంది. నేను తప్పించుకోకుండా వెలుతురులోకి లాగి మరీ మాట్లాడింది.

"ఇంకా ఏం కావాలయ్యా నీకు? వినపడని చెవుల్లో పూలు పెట్టి పంపించాడు, నువ్వేమో వాసన చూసుకుంటూ తిరిగావు."

"ఉత్తినే వాయించి చూసుంటాడే. సరదాకి..."

"సరదాకి పోయినవాడు నీకెందుకు చెప్పలేదు? డబ్బా బానే ఉందని నేను మొత్తుకుంటే నా నోరు మూయించావు. కుక్కర్ కూతన్నావు!"

ఆ పూట మాకు పుట్టగొడుగులు లేవు. మంచంమీద పడుకొని ఆలోచిస్తే అంతా ఒక్కొక్కటే అర్థమైంది. పుంజు అరిచినా నన్ను తట్టకుండా ఉంటే ఒక్కటే వాడికి సరిపోదు. వాడు తట్టినా తట్టకపోయినా నేను నా డబ్బాతో పిలిస్తే రెండువేళ్ళోడు వచ్చి కళ్ళముందు నిలబడతాడు. అప్పుడు దొంగతనం బయటపడుతుంది. అందుకని ముందు నా డబ్బా నోరు మూయించాడు, తర్వాత పలక నోరు మూయించాడు, పుంజులు పారిపోయే బిళ్ళ నా నోట్లో కుక్కాడు. నా చేతులమీద నాకే అనుమానం పుట్టించాడు. పుంజును దొంగిలిస్తే ఊరుకునేవాణ్ణి. అడిగితే కొండనే ఇచ్చేవాణ్ణి. ఏడాదిపాటు నేను పనికిరానని నన్నే నమ్మించాడే, దానికి మాత్రం ఊరుకోను.

అయినా మనసు ఎంత సిగ్గులేనిదో చూడండి. కళ్ళతో చూస్తే గానీ నమ్మనంది.

మర్నాడు చీకటితో ఒక్కణ్ణే వెళ్ళాను. పలక జేబులో వేసుకున్నాను. మా చెట్టు దగ్గరికి పోకుండా బండిబాటకు పైన, బాగా పక్కకు, నా భుజాలకన్నా లావైన చెట్టు చూసుకొని కూర్చున్నాను. వెలుగు మెల్లగా వచ్చింది. కింద మా ఓక్ చెట్టు కనిపించింది. దాని మొదట్లో టోపీ కనిపించింది. నడుము నొప్పివాడు నాకన్నా ముందే వచ్చాడు.

బాట మలుపులోంచి రెండువేళ్ళోడు వచ్చాడు. తోక విసనకర్రలా విప్పి, తల ఎర్రగా తెల్లగా నీలంగా మెరిపిస్తూ వచ్చాడు. మెడ ముందుకు సాచి అరుస్తున్నాడు. నాకు చిన్న చప్పుడు కూడా లేదు. వాడి గొంతు కింది తోలు ఊగడం మాత్రం చూస్తున్నాను. గార్లండ్ మోకాలిమీద నా డబ్బా ఉంది. చెయ్యి కదులుతోంది. మూడు పొడుగు లాగుళ్ళు, ఒక ఆపు, రెండు పొట్టివి. అది నా వరస. పక్కన కూర్చుని ఏళ్ళతరబడి చూసి నేర్చుకున్నది. ఆ చెయ్యే, నా మోకాలిమీద తట్టవలసిన చెయ్యి.

మా వేటగాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఒకడు పిలుస్తున్న పుంజును ఇంకొకడు పిలవకూడదు. నేను జన్మలో దాన్ని తప్పలేదు. ఆ పూట తప్పాను.

పలక తీసి ఎడమ అరచేతిలో పెట్టుకున్నాను. పుల్లను కిందికి పట్టుకొని మెల్లగా చిన్న సున్నా చుట్టాను. వేలికొసల్లో సన్నటి అదురు పుట్టింది. ఇది మేకుతో గాజు గీసినట్టుందా? ఉంటే ఇవాళ తెలిసిపోతుంది. రెండో సున్నా చుట్టి, ఒక్క చిన్న దెబ్బ వేశాను, "కొక్" అనేలా.

రెండువేళ్ళోడి తోక టక్కున మూసుకుంది. మెడ నిటారుగా లేచింది. గార్లండ్‌కు ఇరవై గజాల్లో నిలబడి వాడు నావైపు చూశాడు. కింద గార్లండ్ చెయ్యి ఆగి, మళ్ళీ గబగబా లాగడం మొదలుపెట్టింది. పెట్ట ఎప్పుడూ అంత ఆత్రంగా కూయదు రా వెధవా, నీకది ఒక్కటీ నేర్పలేకపోయాను. నేను పుల్లను కదపకుండా ఊరుకున్నాను. పలకతో పిలవడంలో సగం పని ఊరుకోవడమే. తర్వాత ఒక్కటంటే ఒక్క సున్నా చుట్టాను.

వాడు వచ్చాడు. గార్లండ్‌కు తోక చూపించి, గట్టెక్కి, ఆకులు తన్నుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నా బూటుకు మంచం పొడుగు దూరంలో నిలబడి మళ్ళీ తోక విప్పాడు. వాడు అరిచినప్పుడు ఆ అరుపు నాకు వినపడలేదు గానీ, నా రొమ్ముకు తగిలింది. తుపాకీ ఒళ్ళో ఉంది. ముట్టుకోలేదు. వాడి వెనకాల వరసలోనే గార్లండ్ ఉన్నాడు, అదొక కారణం. నా కళ్ళనిండా నీళ్ళు, అది ఇంకో కారణం. పోలేదు రా దేవుడా, ఏమీ పోలేదు. ఒక్క రోజు కూడా పోలేదు.

లేచి నిలబడ్డాను. రెండువేళ్ళోడు రెక్కలు కొట్టుకుంటూ లోయలోకి దూకి ఎగిరిపోయాడు. కింద గార్లండ్ నన్ను చూశాడు.

వాడు గట్టెక్కి వచ్చేసరికి నేను మళ్ళీ చెట్టుకు ఆనుకొని కూర్చున్నాను. వాడి మొహం సున్నం కొట్టినట్టుంది. డబ్బా వీపు వెనక్కి దాచుకున్నాడు, పక్కింటి జామకాయ దొంగిలించిన పిల్లాడిలాగా.

"ఇటివ్వు" అన్నాను.

ఇచ్చాడు. మూత తీసి చూశాను. నా సుద్దే, నా చెక్కే.

"తలుపు బందు కీచులాడినట్టుందా ఇది? బీరువాలో పెట్టుకుంటానన్నావు కదరా. ఇదేనా నీ అద్దాల బీరువా?"

వాడి పెదాలు కదిలాయి. ఎంత కంగారులో ఉన్నా మెల్లగా, నాకు తెలిసేలాగే కదిపాడు. ఆ అలవాటు పోలేదు వాడికి.

"ఇన్నేళ్ళు నీ పక్కన కూర్చున్నా ఆర్విల్. ఎవరడిగినా ఆర్విల్ పిలిచాడు, ఆర్విల్ పిలిచాడు. ఒక్కటి... ఒక్కటి నేను పిలిచానని..."

"అడిగితే ఇచ్చేవాణ్ణి కాదట్రా? డబ్బా ఇచ్చి, నీ పక్కన నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి! నా చేతులు చచ్చిపోయాయని చెప్పాలట్రా దానికి? నీ చెవుల్లో ఒకటి నాదన్నావు. ఏదిరా నా చెవి?"

"నేను చెప్పేది విను. ఒక్కసారి విను..."

వినాలట! ఏడాదిగా వాడు చెప్పిందే కదా నేను విన్నది. చెవిటివాడు వినడం మానాలంటే ఒకటే దారి. నేను కళ్ళు మూసుకున్నాను.

ఎంతసేపు వాడు మాట్లాడాడో తెలియదు. ఊపిరి వేడి మొహానికి తగిలింది. తర్వాత అది ఆగింది. వాడు నా పక్కన చెట్టుకు ఆనుకొని కూర్చున్నాడు. మోకాలికి మోకాలు తగిలింది. నేను కళ్ళు తెరవలేదు.

అప్పుడు నా మోకాలిమీద తట్టాడు. ఒక్కసారి. తర్వాత నా కుడి భుజం నొక్కాడు, లోయవైపు.

రెండువేళ్ళోడు అరిచాడట. కుడివైపునుంచి అరిచాడట. ఒక్క ఏడాది కిందటైతే ఈపాటికి నా చెయ్యి డబ్బామీద ఉండేది. నిజంగానే అరిచి ఉండొచ్చు, ఎగిరిపోయిన పుంజు కాసేపటికి అలా అరుస్తుంది. అరవకపోయీ ఉండొచ్చు. నా చెవులు ఎప్పుడో పోయాయని ఊరంతా అనుకుంటుంది గానీ, నిజంగా పోయింది మాత్రం ఇప్పుడే.

డబ్బా, పలకా జేబుల్లో పెట్టుకొని లేచాను. వాడి మొహం చూడకుండా ఎడమవైపు బాట పట్టి ఇంటికి వచ్చాను.